పుట్టిని బండి మీద తేవడం : కొంత భౌతికశాస్త్రం

పుట్టి మనిషిని మోస్తుందని కృష్ణ ఒడ్డున పుట్టిన వాళ్లందరికీ తెలుసు. కాని మనిషే పుట్టిని మోయవలసిన రోజులు కూడా ఉంటాయి. చేపల కోసం ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోవాలన్నా, పాత పుట్టిని వేరే ఊరి నుంచి కొని తెచ్చుకోవాలన్నా దానికి రోడ్డు ప్రయాణం తప్పదు. ఆ ప్రయాణంలో దానికి దెబ్బ తగలకుండా ఎట్లా తేవాలన్నదే ఈ వ్యాసం. ఇందులోని సూత్రాలన్నీ మనం ఇంటర్మీడియెట్‌లో చదివినవే. నాకు మాత్రం అవి ఒక పుట్టి పగిలిన తర్వాతే అర్థమైనవి.

పడవను మోసుకుపోవడం కొత్త సంగతేమీ కాదు. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ బాబిలోను నదిలో తిరిగే గుండ్రటి తోలు పడవల గురించి రాశాడు. వాళ్లు పడవలోనే ఒక గాడిదను వెంట తెచ్చుకొని, సరుకు అమ్ముకున్నాక పడవ చట్రాన్ని కూడా అక్కడే అమ్మేసి, తోళ్లను గాడిద మీద వేసుకొని తిరిగి పోయేవారట. మన దగ్గర 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బుట్టలాగా అల్లి తోలు కప్పిన పడవల గురించి రాశాడు. ఆ తుంగభద్రే ఆలంపురం దిగువన మన కృష్ణలో కలుస్తుంది. వెదురు పుట్టి బుట్ట వంటిది, కొంచెం వంగి మళ్లీ సర్దుకుంటుంది. ఇప్పుడు వస్తున్న ఫైబర్ పుట్టి అట్లా కాదు. అది గాజు పోగులను రెజిన్‌తో అతికించిన పెంకు. వంగవలసిన దానికంటె ఎక్కువ వంగితే రెజిన్‌లో చీలిక పడుతుంది.

మా ఊరు దేవరకొండ అవతల, నాగార్జునసాగర్ వెనుక నీళ్ల ఒడ్డున. నీళ్లు పెరిగితే మా చేనుకు పుట్టి మీదనే పోవాలి. మూడేండ్ల కింద చిన్నాయన పాత మహబూబ్‌నగర్ జిల్లా సోమశిలలో ఒక పాత ఫైబర్ పుట్టి కొన్నాడు. జీపు మీద వేసుకొని కొల్లాపూర్, అచ్చంపేట, డిండి మీదుగా తెచ్చినం. పైకప్పు మీది రెండు ఇనుప పైపుల మీద దాన్ని వెల్లకిల పెట్టి, మీది నుంచి ఒక నైలాన్ తాడు వేసి కట్టినం. ఎగిరిపోతదేమోనని చిన్నాయన కొడుకును దాంట్లో కూర్చోబెట్టినం. "ఏం కాదు తియ్యి, గట్టిగ పట్టుకో" అన్నది నేనే. డిండి దగ్గర గాలికి పుట్టి ఒక పక్కకు లేచింది. తమ్ముడు అంచు పట్టుకొని అరిస్తే బండి ఆపినం. వాడు కింద పడలేదు, అది మా అదృష్టం.

ఇంటికి వచ్చినంక అడుగున పైపు ఆనిన చోట వెంట్రుక వంటి గీత కనబడ్డది. ఎవ్వరం పట్టించుకోలేదు. వానకాలంలో నాయన, అమ్మ, రెండు యూరియా బస్తాలతో నది నడిమికి పోయినంక ఆ గీతే నోరు తెరిచింది. అమ్మ సద్ది గిన్నె ఖాళీ చేసి నీళ్లు తోడుతూ ఉంటే నాయన ఒడ్డుకు చేర్చినాడు. అమ్మకు ఈత రాదు. రోడ్డు మీద చేసిన తప్పు నీళ్లలో బయటపడుతుందని ఆనాడు తెలిసింది.

తప్పు ఎక్కడ జరిగింది? లెక్క చూద్దాం.

పీడనం: పుట్టి అడుగు 3 చదరపు మీటర్లు, మనుషులతో కలిపి బరువు 300 కిలోలు అనుకుందాం. నీళ్లు దాన్ని అడుగంతా సమంగా ఎత్తిపట్టుకుంటాయి. చదరపు సెంటీమీటరుకు పడేది 10 గ్రాములే. వడ్ల కాంటా మీద మా ఖాళీ పుట్టి 38 కిలోలు తూగింది. అది పైపుల మీద నాలుగు చోట్ల, ఒక్కొక్క చోట 2 చదరపు సెంటీమీటర్ల మేర ఆనితే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 4,750 గ్రాములు! దాని మీద ఒక మనిషి, గుంతల్లో కుదుపు అదనం. అదే నాలుగు చోట్ల 50 చదరపు సెంటీమీటర్ల చొప్పున బొంత మడతలు పెడితే ఆ పీడనం ఇరవై అయిదో వంతుకు తగ్గుతుంది. బలమైన భాగం అంచు కాబట్టి పుట్టిని బోర్లించి, అంచు మెత్తల మీద ఆనేటట్టు పెట్టాలి. పైపులకు పాత సైకిల్ ట్యూబు చుడితే జారదు కూడా.

గాలి: గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు 4 కిలోలకు కొంచెం ఎక్కువ. 60 కిలోమీటర్లకు అది 17 కిలోలు. వేగం రెండింతలైతే బలం నాలుగింతలన్న మాట. 3 చదరపు మీటర్ల పుట్టికి లెక్కిస్తే 51 కిలోలు, పుట్టి బరువుకంటె ఎక్కువ! ఈ బలమంతా పైకే ఎత్తుతుందని కాదు. కాని బరువు ఉన్నది కదా, కదలదులే అనుకోవడం ఎంత పొరపాటో దీనితో తెలుస్తుంది. వెల్లకిల పెడితే గిన్నెలాగ గాలిని పట్టుకుంటుంది. బోర్లించినా ముందు అంచు కిందికి గాలి దూరుతుంది కాబట్టి ఆ అంచును గట్టిగా కట్టాలి.

తాడు: తాళ్లకు రెండు పనులు. అడ్డంగా వేసిన రెండు తాళ్లు పుట్టిని కిందికి అదిమి పట్టాలి. ముందొకటి, వెనుకొకటి కట్టిన తాళ్లు అది జరగకుండా ఆపాలి. గట్టిగా బ్రేకు వేస్తే వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంలో 0.7 వంతు దాకా ఉండవచ్చు. అప్పుడు మా పుట్టి 27 కిలోల బలంతో ముందుకు ఉరుకుతుంది. తాడు ఎంత నిలువుగా దిగితే అంత బాగా అదుముతుంది. బల్లపరుపు నుంచి 30 డిగ్రీల వాలులో ఉంటే లాగిన బలంలో సగమే పనిచేస్తుంది. గడ్డి బండికి మోకు బిగించేటప్పుడు నాయన తాడులో ఉచ్చు వేసి, కొసను కింది కొయ్యకు తిప్పి, మళ్లీ ఆ ఉచ్చులో నుంచి లాగుతాడు. లెక్క ప్రకారం చేతి బలం మూడింతలవుతుంది, ఘర్షణ పోగా అంతకు తక్కువ మిగులుతుంది. అందుకే పెంకు వంగేదాకా బిగించరాదు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. కాబట్టి రెండు కిలోమీటర్లు పోయినంక ఒకసారి, వాన పడితే ఇంకొకసారి ఆగి చూసుకోవాలి.

ఎక్కించడం: ఇద్దరు ముగ్గురు కావాలి. జీపు వెనుక అంచు మీద బొంత పరిచి, పుట్టి ఒక అంచు దాని మీద ఆనించి రెండో అంచును ఎత్తితే సగం బరువే మన చేతుల మీద పడుతుంది. పైపుల మీద ఈడ్చరాదు. దించేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

పోటీల్లో వాడే సన్నటి కయాక్ పడవకూ ఇవే సూత్రాలు. అది పొడుగు కాబట్టి ఆనే చోట్లు దూరదూరంగా ఉండాలి, ముందు వెనుక కొసలు తప్పక కట్టాలి. ప్లాస్టిక్ కయాక్ ఎండకు మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో బిగించిన తాళ్లతోనే బండి మీద వదిలేస్తే సొట్ట పడుతుంది.

ఏ బండి పైకప్పు ఎంత బరువు మోయగలదో దాని పుస్తకంలో ఉంటుంది. అది చూడకుండా ఎక్కించరాదు. అన్నింటికంటె ముఖ్యం, పడవను పట్టుకొమ్మని మనిషిని పైన కూర్చోబెట్టరాదు. తాడు చేయలేని పని మనిషి చేతులు చేయలేవు.

పడవను నీళ్లు ఎంత సమంగా పట్టుకుంటాయో, బండి మీద మనం కూడా బొంతలతో, తాళ్లతో అంత సమంగా పట్టుకోవాలి. నేర్చుకోవలసింది ఇంతే. పోయినేడు చిన్నాయన ఇంకొక పుట్టి కొన్నాడు. ఈసారి బోర్లించి, నాలుగు మెత్తలు, నాలుగు తాళ్లతో తెచ్చినం. తమ్ముడు లోపల డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఇంటికి రాగానే అమ్మ ముందు అడుగంతా చేత్తో తడిమి చూసింది. గీత లేదు.