పండుగల వరుసలో ఈత, తాటి చెట్లు

పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల, తొర్రూరు ప్రాంతములలో ఉగాది మొదలు శివరాత్రి వరకు పండుగ లేని నెల అరుదు. ఏ పండుగకు ఏమి వండుదురో, ఏమి త్రాగుదురో గమనించినచో, అది ఆ ఋతువున పొలములోనో, గట్టుపైననో, చెరువులోనో దొరకు వస్తువే అయి యుండును. పెద్దలు పంచాంగము చూచి పండుగ చేసినను, వంట మాత్రము పంటను చూచియే చేసిరి. ఈ సంబంధము నేడు కొన్నిచోట్ల తెగిపోవుచున్నది. తెగినచోట రైతునకు రావలసిన రాబడి అంగడివానికి పోవుచున్నది. ఒక్క కల్లు విషయములో మాత్రము రాబడితో ఆగక ప్రాణములకే ముప్పు వచ్చుచున్నది. కావున తక్కిన పండుగల సంగతి క్లుప్తముగా చెప్పి, ఈత, తాటి చెట్ల సంగతి కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఉగాది పచ్చడికి వేపపువ్వు, మామిడి పిందె, కొత్త చింతపండు ఒకేసారి దొరకును. మృగశిర కార్తెనాడు చేపలు తినుట మనవారి ఆచారము. ఆనాటికి చెరువులలో నీరు అడుగంటి చేపలు పట్టుట సులభముగా నుండును. ఆషాఢములో తొలి ఏకాదశికి జొన్న పేలాలను విసరి బెల్లము కలిపి పేలపిండి చేయుదురు. జొన్న సాగు తగ్గుటచే ఈ పిండిని కూడ ఇప్పుడు పొట్లములలో కొనుచున్నారు. యాసంగిలో నాలుగు గుంటలలో జొన్న వేసి, గింజను బాగుగా ఎండబెట్టి దాచిన రైతు ఆషాఢములో దానిని మంచి ధరకు అమ్ముకొనగలడు. బతుకమ్మ తొమ్మిది దినములలో అటుకులు, ముద్దపప్పు, నానబియ్యము, అట్లు, వెన్నముద్దలు, చివరిదినమున నువ్వులతో, పెసరపప్పుతో, కొబ్బరితో కలిపిన సద్దులు సిద్ధము చేయుదురు. ఇందు కొబ్బరి తప్ప తక్కినవన్నియు మన నేలలో పండునవే. సంక్రాంతి సకినాలకు బియ్యపు తడిపిండి, నువ్వులు, వాము కావలెను. వానకాలపు వరి కోతలు ముగిసి కొత్తబియ్యము ఇంటికి వచ్చిన కాలమది. రెండేండ్లకొకమారు మాఘ పౌర్ణమికి మేడారములో సమ్మక్క సారలమ్మలకు బంగారమని సమర్పించునది బెల్లమే.

శివరాత్రిని గూర్చి ఒక్కమాట. పాలకుర్తి గుట్టపైని సోమేశ్వర లక్ష్మీనరసింహ స్వామి జాతరకు నలుదిక్కులనుండి జనము వత్తురు. ఉపవాసమున్నవారికి ఆదినమున కందగడ్డలు (చిలగడదుంపలు) ముఖ్యమైన ఆహారము. ఇది నాలుగు నెలల పంట. అక్టోబరు మధ్యలో తీగ ముక్కలను బోదెలపై నాటినచో ఫిబ్రవరి మధ్యకు గడ్డ త్రవ్వుటకు వచ్చును. నవంబరు చివర నాటినవారి గడ్డలు జాతర దాటిన తరువాత వచ్చి సగము ధరకు పోవును. ఇంత చిన్న లెక్కను పాటించువారు తక్కువ.

దాచగల పానీయము, దాచలేని పానీయము

ఋతువును బట్టి తిండికి, పానీయమునకు ఉత్సవములు చేయుట మనకే ప్రత్యేకము కాదు. నాశికలో ద్రాక్షకోత జనవరి మొదలు మార్చి వరకు సాగును. 2008 లో ఆరంభమైన సూలా ద్రాక్షసారా ఉత్సవము కూడ సాధారణముగా ఫిబ్రవరి ప్రాంతముననే జరుగును. జర్మనీలోని బవేరియాలో ఎండకాలమున కాచిన బీరు చెడిపోవుచుండుటచే, 1553 లో అచ్చటి ప్రభువు ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వరకు బీరు కాచుటను నిషేధించెను. అందువలన మార్చిలో గాఢముగా కాచి, చల్లని నేలమాళిగలలో దాచి, వేసవి గడచిన పిదప మిగిలినదానిని త్రాగెడివారు. 1810 లో మ్యూనిక్ నగరమున యువరాజు వివాహ సందర్భమున గుర్రపు పందెములతో మొదలైన ఉత్సవము కాలక్రమమున ఈ బీరుకు పెద్ద సంతగా మారినది.

ద్రాక్షసారా ఏండ్లు నిలువయుండును. బీరు నెలలు నిలువయుండును. కల్లు ఒక్క దినము కూడ సరిగా నిలువదు. దీనికి కారణము తెలిసికొనవలెను. చెట్టునుండి కారునపుడు అది తియ్యని నీరు. దీనినే నీరా అందురు. ఇందు చక్కెర నూటికి సుమారు 10 నుండి 14 పాళ్లుండును. లొట్టిలోను, గాలిలోను, గీతకత్తిపైనను సహజముగా నుండు ఈస్టు, మరికొన్ని సూక్ష్మజీవులు ఈ చక్కెరను తిని ఆల్కహాలుగను, బొగ్గుపులుసు గాలిగను మార్చును. నురుగు ఆ గాలివలననే వచ్చును. ఈ మార్పు చెట్టుపైననే, లొట్టి నిండుచుండగనే మొదలగును. ఉదయము తీపి, మధ్యాహ్నమునకు వగరుతో కూడిన పులుపు, మరునాటికి ముక్కున కొట్టు పులుపు. ఆల్కహాలు సాధారణముగా నూటికి 4 నుండి 6 పాళ్లకు చేరిన తరువాత అది కూడ మెల్లగా పుల్లనీరుగా మారిపోవును. లొట్టి లోపల సున్నపు పూత వేసినచో పులియుట ఆగును. నీరా తీయువారు చేయునది ఇదియే. ఆ నీరును కాచి బెల్లము చేసినచో, సుమారు పది లీటర్లకు ఒక కిలో బెల్లము వచ్చును. అది నెలల తరబడి నిలువయుండును.

వానకాలపు వెలితి

ఈతచెట్టు చలికాలమున, అనగా నవంబరు మొదలు మార్చి వరకు, సమృద్ధిగా కారును. తాటిచెట్టు ముఖ్యముగా జనవరి మొదలు జూన్ వరకు ఇచ్చును. వర్షములు పట్టిన తరువాత రెంటిలోను కల్లు మిక్కిలి తగ్గును. వాననీరు లొట్టిలో పడును. మాను తడిసి జారుటచే ఎక్కుట ప్రమాదకరము. అయితే మనకు కల్లు ఎక్కువగా కావలసిన దినములేవి? ఆషాఢ శ్రావణములలో పోచమ్మకు బోనము తీసికొనిపోయి కల్లు సాక పోయుట, ఆశ్వయుజములో దసరా. రెండును ఈ వెలితి కాలములోనే వచ్చును. చెట్టు ఇచ్చు కాలమొకటి, జనము అడుగు కాలమొకటి. ఊరి చుట్టును ఈతవనములు దట్టముగా నున్న రోజులలో చెట్టుకు కొంచెముగా వచ్చినను ఊరికి సరిపోయెడిది. సాకకు చెంబెడు చాలును గదా. నేడు చెట్లు తగ్గినవి, త్రాగువారు మాత్రము తగ్గలేదు.

ఈ వెలితిని తెల్లని పొడి పూరించుచున్నది. నీటిలో తీపికి సాకరిను, మత్తునకు క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు కలిపి కల్లని అమ్ముదురు. ఇవి వైద్యుడు చీటి వ్రాసి కొలతతో ఇవ్వవలసిన మందులు. సీసాలో ఎంత కలిసినదో అమ్మువానికే తెలియదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. దీనిలో మరియొక చిక్కు కలదు. దీనికి అలవాటుపడిన శరీరము, ఒక్కసారిగా మానినపుడు కూడ దెబ్బతినును. 2015 లో కల్తీపై దాడులు జరిగి సరఫరా ఆగినపుడు తెలంగాణలోని పలు జిల్లాలలో వందలకొలది జనము ఆసుపత్రుల పాలైరి. చేతులు వణకుట, మూర్ఛ, పొంతనలేని మాటలు దీని లక్షణములు. ఇట్టివానిని దయ్యము పట్టినదని ఇంటిలో కట్టివేయక, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మందును క్రమముగా తగ్గించి మాన్పించు పద్ధతి వైద్యులకు తెలియును.

గుర్తుపట్టుటకు ఇంటిలో చేయదగిన పరీక్ష నమ్మదగినది లేదు. కాని పైన చెప్పిన స్వభావమును బట్టి ఒకటి అనుకొనవచ్చును. నేడు తీపిగా ఉండి, రెండు దినములు బయట పెట్టినను అదే తీపితో ఉన్న కల్లు చెట్టునుండి వచ్చినది కాదు. అట్లే చుట్టుపట్ల గీయుచున్న చెట్లు పది కూడ లేని ఊరిలో వానకాలమున పెట్టెలకొలది సీసాలు వచ్చుచున్నచో, ఎచ్చటనుండి వచ్చుచున్నవని పంచాయతీ కార్యదర్శులు ప్రశ్నింపవలెను, ఎక్సైజు శాఖకు తెలుపవలెను. కల్లు త్రాగుమని ప్రోత్సహించుట మా ఉద్దేశము కాదు. త్రాగనివానికి ఏ లోపమును లేదు. అయితే పండుగనాడు త్రాగువాడు చెట్టుకల్లు త్రాగుటకును, మందునీరు త్రాగుటకును గల భేదము చిన్నది కాదు.

గట్లపైని ఈత

చెట్లు తగ్గుటకు రైతులు చెప్పు కారణములు మూడు: వరికోత యంత్రము తిరుగుటకు అడ్డము, పైరుపై నీడ, పిట్టల బాధ. మొదటిది నిజమే. అందుకు లోపలి గట్లను వదలి సరిహద్దు గట్టుపైననే నాటవలెను, యంత్రము దిగు దారిని ఖాళీగా ఉంచవలెను. నీడ మాట అంత నిజము కాదు. ఈతకు కొమ్మలు లేవు, తలపైన మాత్రమే ఆకు. దాని పీచువేరు గట్టు మట్టిని పట్టి యుంచును. గిజిగాడు ఈతకొమ్మకు గూడు కట్టి కొంత గింజ తినుట వాస్తవమే కాని, పిల్లలకు పెట్టుటకు పురుగులను కూడ ఏరుకొనిపోవును.

తాటి కంటె ఈత త్వరగా ఫలించును. తాటి గీతకు వచ్చుటకు పదిహేనేండ్లు, అంతకు మించి కూడ పట్టును. అది ఆడదో మగదో పూత వచ్చువరకు తెలియదు. తాటి నాటువాడు కొడుకు కొరకు నాటును. ఈత సుమారు ఆరేడేండ్లకు గీతకు వచ్చును. దాని మానునే గీయుదురు గనుక ఆడ, మగ రెండును పనికివచ్చును. గీయుట మొదలైననాటికి చెట్టు మనిషి ఎత్తున నుండుటచే గౌడ సోదరులకు ప్రమాదము తక్కువ. తాటిపైనుండి జారిపడి ఏటేట ఎందరో కాళ్లు నడుములు పోగొట్టుకొనుచున్నారు. 2024 లో ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పరికరములను పంచనారంభించినది. వానిని అందుకొన్నవారు మోకుతోపాటు తప్పక వాడవలెను.

ఎకరము చదరముగా నున్నచో ఒక్కొక్క గట్టు సుమారు 64 మీటర్లుండును. ఒక గట్టుపై రెండున్నర మీటర్లకొకటి చొప్పున 25 మొక్కలు పట్టును. అన్నిటిని ఒకే ఏడు నాటవద్దు. మూడేండ్లలో మూడు దఫాలుగా నాటినచో గీతకు వచ్చుట కూడ వరుసగా నుండును, కొన్ని చెట్లకు విశ్రాంతి ఇచ్చుచు కొన్నిటిని గీయించవచ్చును. ఒకే చెట్టును ఎడతెగక లోతుగా గీయించిన రైతు రెండుమూడేండ్లు ఎక్కువ కిరాయి తిని తరువాత మోడును చూచుకొనును. ఏటికొక ప్రక్క మాత్రమే గాటు పెట్టుమని గీతవానితో ముందే చెప్పుకొనవలెను.

ఈతపండ్లు వేసవి చివర, తొలకరి నాటికి పండును. పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి, పాతబడనీయక నీడలో ఇసుక కలిపిన మట్టి సంచులలో విత్తవలెను. మొలక రెండు మూడు నెలలకు వచ్చును. ఏడాది పెరిగిన మొక్కను మరుసటి తొలకరిలో గట్టుపై నాటి, మొదటి రెండు వేసవులు నీరు పోసి, మేకల నుండి కాపాడవలెను. 2015 లో ఆరంభమైన హరితహారములో చెరువుకట్టలపైన కూడ ఈత, తాటి మొక్కలను నాటిరి. ఆ వరుసలలో చచ్చిన మొక్కల స్థానమున తిరిగి నాటించుట పంచాయతీల పని. తాటివిత్తులకు వేరే ప్రయాస లేదు. ఆగస్టు, సెప్టెంబరులలో రాలిన పండ్ల టెంకలను గుంటకు రెండు చొప్పున నేరుగా పాతవచ్చును. మిగిలిన టెంకలను ఒక మూల ఇసుకలో పాతర వేసినచో కొన్ని నెలలకు గేగులు తీసి తినవచ్చును, అమ్మవచ్చును.

గీతకు చెట్టు ఇచ్చు రైతు తన చెట్లకు ఎక్సైజు శాఖ వారిచే నంబరు వేయించుకొని, అనుమతి గల గీత సహకార సంఘమునకో, చెట్టు లైసెన్సు గల గీత కార్మికునకో మాత్రమే ఇవ్వవలెను. నీరా తీయుటకు వేరుగా అనుమతి కావలెను. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023 లో తెరచిన నీరా కేంద్రమువంటి చోట్లకు సరఫరా చేయదలచినవారు, లొట్లను తెల్లవారకముందే దింపి, వడపోసి, మంచు పెట్టెలలో వెంటనే పంపగల ఏర్పాటు ముందు చూచుకొని, ఆ తరువాతనే మాట ఇవ్వవలెను.