తనువుకు తగిన తుపాకి

‘ఆడలేక మద్దెల ఓడు’ అనే సామెతను మనం తరచుగా వింటూ ఉంటాం. తన అసమర్థతను పరికరంపైకి నెట్టే వారిని గురించి పుట్టిన మాట ఇది. అయితే మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు లోకంలో లేకపోలేదు. అప్పుడు దోషమంతా తనదేనని కుమిలిపోవడం కూడా అవివేకమే అవుతుంది. ఈ సూక్ష్మాన్ని చక్కగా బోధించే క్రీడ ట్రాప్ షూటింగ్.

ఒలింపిక్ ట్రాప్ క్రీడలో క్రీడాకారులు నిలిచే స్థానాలు ఐదు. వాటికి 15 మీటర్ల ముందున్న కందకంలో 15 యంత్రాలు అమర్చి ఉంటాయి. క్రీడాకారుడు కేక వేసిన మరుక్షణమే 110 మిల్లీమీటర్ల వ్యాసం గల పళ్ళెం ఒకటి గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో పైకెగురుతూ దూరమైపోతుంది. దీనిని మట్టి పళ్ళెమని వ్యవహరించినా, నేటి పళ్ళేలను సున్నపురాయి పొడిని, కీలును కలిపి తయారు చేస్తారు. ఒక్కొక్క ఆవృత్తిలో 25 పళ్ళేలు ఎగురుతాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో మహిళలకు కూడా ఈ పోటీ ప్రారంభమయింది. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జట్టు స్వర్ణంలో భాగస్వామియై, వ్యక్తిగత కాంస్యాన్ని కూడా సాధించాడు.

రైఫిల్‌కు ముందూ వెనుకా గురిసాధనాలు ఉంటాయి. షాట్‌గన్‌కు గొట్టం కొసన చిన్న పూస మాత్రమే ఉంటుంది. వెనుక ఉండవలసిన గురిసాధనం క్రీడాకారుని కన్నే. ఆ కన్నును నిలిపేది చెక్కిలి. చెక్కిలిని నిలిపేది తుపాకి కొయ్య. కొయ్య కుదరకపోతే కన్ను కుదరదు. కన్ను కుదరకపోతే గురి కుదరదు.

నేను ఎరిగిన ఒక విద్యార్థినికి ఆమె తండ్రి ఎంతో శ్రమకోర్చి కొత్త తుపాకి కొనియిచ్చాడు. నెల తిరిగేసరికి ఆమె దండచేయి కమిలింది. చెక్కిలి ఎముక కింద నల్లని మచ్చ ఏర్పడింది. పళ్ళేలు పగలడం మానివేశాయి. తండ్రి వెచ్చించిన ధనాన్ని తలచుకొని ఆమె నొప్పిని దాచుకొంది. తనకు నేర్పు లేదని నిశ్చయించుకొని క్రీడనే విడిచిపెట్టదలచింది. ఆ మచ్చను చూచిన శిక్షకుడు ముందుగా తుపాకిని పరీక్షించాడు.

సాధారణంగా కర్మాగారాలు సగటు పురుషుని దేహాన్ని దృష్టిలో పెట్టుకొని కొయ్యను మలుస్తాయి. కాబట్టి నాలుగు కొలతలను పరిశీలించాలి. మొదటిది మీట నుంచి మడమ వరకు గల పొడవు. ఇది ఎక్కువైతే మడమ భుజంలో కుదురుకోక దండచేతిపైకి జారుతుంది; తక్కువైతే బొటనవేలి కణుపు ముక్కుకు తగులుతుంది. రెండవది చెక్కిలి ఆనే అంచు ఎత్తు. ఇది తక్కువైతే కన్ను గొట్టం చాటున పడుతుంది; చూపు కోసం ముఖాన్ని పైకెత్తితే, తుపాకి తన్నినప్పుడు చెక్కిలికి దెబ్బ తగులుతుంది. మూడవది కొయ్య పక్కకు వంగిన తీరు. కుడిచేతి వాటం వారికి కొయ్య కొంచెం కుడివైపుకు వంగి ఉండాలి. నాలుగవది మడమ వాలు. ఇది సరిగా ఉంటే తన్ను భుజమంతటా సమంగా పరచుకొంటుంది. లేకపోతే ఒక కొన మాత్రమే గుచ్చుకొంటుంది.

తుపాకిని తెరచి, ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకొని, సురక్షితమైన దిశకు తిప్పి, కన్నులు మూసుకొని భుజానికెత్తాలి. కన్నులు తెరచినప్పుడు చూపు గొట్టం మీదుగా నేరుగా పూసను చేరితే కొయ్య కుదిరినట్లే. ఆ తరువాత శిక్షకుని సమక్షంలో 16 గజాల దూరాన నిలిపిన ఫలకంపై కొన్ని తూటాలు కాల్చి, రవ్వల నడిబిందువును గుర్తించాలి. కంటికీ గొట్టం కొసకూ నడుమ దూరం సుమారు ఒక గజం. కాబట్టి ఫలకంపై ఒక అంగుళం తేడా కనిపిస్తే, కొయ్య వద్ద సవరించవలసినది అంగుళంలో పదహారవ వంతు. ట్రాప్ పళ్ళెం పైకెగురుతుంది గనుక రవ్వలు గురికి కొంచెం ఎగువన పడేటట్లు అమర్చుకోవడం పరిపాటి.

ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. కోసిన కొయ్య తిరిగి అతకదు; అందుచేత కోతను చివరికి ఉంచాలి. ఆ విద్యార్థిని తుపాకి మడమను నిపుణుడు కొంత తగ్గించి, చెక్కిలి అంచును ఎత్తు చేశాడు. కొత్త కొయ్యపై రంపం పెట్టడానికి తండ్రి మొదట సందేహించాడు. కుమార్తె చేతిపై కమిలిన చోటును చూచి, మారు మాట్లాడక అంగీకరించాడు.

మరునాటి నుంచే ఆమెకు పళ్ళేలన్నీ పగిలిపోలేదు. కాని మచ్చ మానింది, భయం తొలగింది. అటుపై తప్పిన ప్రతి గురీ ఆమెదే. తన తప్పు ఏదో తెలిసినవారికి దిద్దుకొనే దారి కూడా తెలుస్తుంది. మద్దెలను సరిచేసి యిచ్చిన తరువాతనే ఆటను తూచడం న్యాయం. విద్యార్థి కూర్చొనే బల్ల మొదలుకొని చదివే పుస్తకం వరకు ఈ న్యాయం వర్తిస్తుంది.

ప్రశ్నలు
1. షాట్‌గన్‌కు క్రీడాకారుని కన్నే వెనుక గురిసాధనమని రచయిత ఎందుకు చెప్పాడు?
2. కొయ్యలో పరిశీలించవలసిన నాలుగు కొలతలను వివరించండి.
3. ‘అటుపై తప్పిన ప్రతి గురీ ఆమెదే’ – ఈ వాక్యంలోని అంతరార్థాన్ని సమర్థిస్తూ రాయండి.