వంటింటి వైద్యం: మేలెంత, మేరెంత?

ఊరు విడిచి నగరానికి వచ్చిన తెలుగు కుటుంబం పోపులపెట్టెతోపాటు పెద్దల వైద్యాన్నీ వెంట తెచ్చుకుంటుంది. జలుబుకు మిరియాల పాలు, గొంతునొప్పికి ఉప్పునీళ్లు, విరేచనాలకు గంజి మనకు తరతరాలుగా పరిచితమైనవే. వీటిలో ఏది రోగాన్ని నివారిస్తుందో, ఏది బాధను మాత్రమే తగ్గిస్తుందో, ఏది కీడు చేస్తుందో తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

నివారణ

అంటురోగాల నివారణలో ఏ మూలికకన్నా సబ్బు, శుభ్రమైన నీరు మిన్న. వంటకు, భోజనానికి ముందు, మలవిసర్జన తరువాత, పసిపిల్లలను శుభ్రపరచిన పిమ్మట కనీసం 20 సెకన్లు చేతులు రుద్ది కడుక్కోవాలి. తాగునీటిని తెర్లిన తరువాత మరొక నిమిషం కాచి, చల్లార్చి, మూతపెట్టి ఉంచాలి. ఆ నీటిలో చేయి ముంచితే కాచిన ఫలితం దక్కదు. పొడవైన కాడగల గరిటెతోనే తీసుకోవాలి.

ఉపశమనం

గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలిస్తే గొంతునొప్పి తగ్గుతుంది. ఏడాది దాటిన పిల్లలకు రాత్రివేళ చెంచాడు తేనె ఇస్తే దగ్గు నెమ్మదిస్తుంది. ఏడాది నిండని శిశువుకు మాత్రం తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవుల వల్ల బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు. శొంఠి కషాయం, పసుపు పాలు హాయినిస్తాయి. అవి చికిత్సకు బదులు కావు.

జలుబుకు కారణం వైరస్. దానిపై యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికా ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. అటువంటి మందులను అనవసరంగా వాడితే, అవసరమైన నాడు అవి పనిచేయకుండా పోతాయి.

విరేచనాలు

విరేచనాలైనప్పుడు నీళ్లు ఆపడం ప్రమాదకరం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రవాన్ని తాగించి ఎందరి ప్రాణాలనో కాపాడారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో లభించే ఓఆర్ఎస్ పొట్లం శ్రేష్ఠం. అది దొరకనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, తలకొట్టిన అర చిన్న చెంచా ఉప్పు కలపాలి. ఉప్పు ఎక్కువైతే హాని. ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. తల్లిపాలు ఆపరాదు. పిల్లలకు జింకు మాత్రలను వైద్యులు చెప్పినట్లు 14 రోజులూ వాడాలి.

కీడు

వేపనూనె, కర్పూరం, నీలగిరి తైలం పిల్లల కడుపులోకి పోతే మూర్ఛలు రావచ్చు. మరిగే నీటి గిన్నెతో పిల్లలకు ఆవిరి పట్టవద్దు, ఒళ్లు కాలుతుంది.

ఎప్పుడు ఆగరాదు?

మూడు రోజులు దాటిన జ్వరం, ఎగశ్వాస, విరేచనంలో రక్తం, గుంటలు పడిన కళ్లు, తాగలేని నీరసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు నెలలు నిండని శిశువుకు జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగరాదు. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

వైద్యుని భాష మన భాష కాకపోవచ్చు. జ్వరం ఎన్ని రోజులుగా ఉంది, విరేచనాలు ఎన్నిసార్లయ్యాయి, బిడ్డ చివరిసారి మూత్రం పోసి ఎన్ని గంటలైంది అన్నవి అంకెలలో రాసుకొని వెళ్లండి. అంకెలను ఎవరైనా చదువుతారు. ఇంట్లో ఏమేమి ఇచ్చారో దాచక చెప్పండి. వాటి పొట్లాలు, సీసాలు వెంట తీసుకెళ్లి చూపండి. పెద్దల వైద్యాన్ని గౌరవించడమంటే దాని మేరను తెలుసుకోవడం కూడా.