బుజ్జి కుక్కపిల్లకు టీకాలు: మొదటి సూది కంటే చివరి సూదే ముఖ్యం

ఎప్పుడూ జీవామృతం, ఆవులు, దేశవాళీ విత్తనాల గురించి మాట్లాడుకునే మనం ఈసారి కుక్కపిల్ల గురించి మాట్లాడుకుందాం. పొలం దగ్గర షెడ్డు ఉన్న ప్రతి రైతు ఇంట్లో ఒక కుక్క ఉంటుంది. ఈమధ్య పిల్లల ముచ్చట కోసం చిన్న జాతి కుక్కల్ని కూడా చాలామంది తెచ్చుకుంటున్నారు. మనవాళ్లు పామేరియన్ అని పిలిచే తెల్లబొచ్చు కుక్కలు (వాటిలో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే), పగ్, డాష్‌హుండ్ లాంటివి.

మూడేళ్ల క్రితం మా ఇంటికి అలాగే ఒక తెల్ల పిల్ల వచ్చింది. పేరు చిట్టి. అమ్మినాయన "వ్యాక్సిన్ వేసేశామండీ" అన్నాడు. కార్డు కూడా చూపించాడు, అందులో ఒకే ఒక్క సూది, 45 రోజులప్పుడు వేసింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. నాట్ల హడావుడిలో మళ్లీ ఆస్పత్రి మొహం చూడలేదు. మూడు నెలలు నిండిన వారానికి చిట్టి తిండి మానేసింది. వాంతులు, తర్వాత రక్తవిరేచనాలు. రెండు రోజుల్లో పోయింది. పార్వో. డాక్టరు గారు తిట్టలేదు గానీ, ఒకే మాట అన్నారు: "ఒక్కటి వేస్తే వేసినట్టు కాదయ్యా."

వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. ఆ మాట నాకు ముందే తెలిసి ఉండాల్సింది. నాలా ఇంకొకరు పొరపాటు పడకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక్క సూది ఎందుకు చాలదు?

దూడ పుట్టగానే జున్నుపాలు ఎందుకు తాగిస్తాం? తల్లిలోని రక్షణ ఆ పాలతో దూడకు వస్తుందని. కుక్కపిల్లకూ అంతే. తల్లి పాలతో వచ్చిన ఆ రక్షణ కొన్ని వారాలు ఉండి మెల్లగా తగ్గిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. తల్లి ఇచ్చిన రక్షణ గట్టిగా ఉన్నంతకాలం అది టీకాను కూడా అడ్డుకుంటుంది. బయటి నుంచి వచ్చింది రోగమా, టీకానా అని దానికి తేడా తెలియదు. రెండింటినీ ఒకేలా కొట్టేస్తుంది. అంటే 45 రోజులప్పుడు వేసిన సూది పనిచేసి ఉండొచ్చు, చేయకపోయీ ఉండొచ్చు. తల్లి రక్షణ ఏ రోజుకు తగ్గిపోతుందో బయటికి చూస్తే కనపడదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

అందుకే 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, చివరిది 16 వారాలు నిండాక వేస్తారు. అప్పటికి దాదాపు అన్ని పిల్లల్లోనూ తల్లి రక్షణ తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ఆ టీకా బాగా పడుతుంది. "మూడు సూదులు వేశాం" అని లెక్క చెప్పుకోవడం కాదు, చివరి సూది ఏ వయసులో పడింది అన్నదే అసలు లెక్క.

మా బంటి క్యాలెండరు

ఇప్పుడున్న బంటి జులై 1న పుట్టింది. డాక్టరు గారితో కూర్చుని తేదీలు రాసుకున్నాం. వీడియోలో గోడమీద కనిపించే కాగితం అదే.

ఆగస్టు 12 (6 వారాలు): పప్పీ డీపీ. డిస్టెంపర్, పార్వో రెండింటికీ.
సెప్టెంబరు 2 (9 వారాలు): కంబైన్డ్ టీకా. డిస్టెంపర్, పార్వో, కాలేయ వ్యాధి, పారాఇన్‌ఫ్లుయెంజా, లెప్టో కలిపి.
సెప్టెంబరు 23 (12 వారాలు): మళ్లీ కంబైన్డ్.
అక్టోబరు 7 (14 వారాలు): రేబీస్.
అక్టోబరు 21 (16 వారాలు): కంబైన్డ్, చివరిది.
నవంబరు 4 (18 వారాలు): రేబీస్ రెండోది.

ఆ తర్వాత ఏడాదికి బూస్టర్. రేబీస్, లెప్టో మాత్రం ఏటా మర్చిపోకూడదు. ఇది మా బంటికి వేసిన పట్టిక. మీ డాక్టరు ఒక వారం అటూ ఇటూ మార్చొచ్చు, రేబీస్‌ను కంబైన్డ్‌తో కలిపి అదే రోజు వేయొచ్చు. తేదీ దాటిపోతే "ఇంకేం లాభం" అని వదిలేయకండి. వెంటనే తీసుకెళ్లండి, అక్కడి నుంచి ఎలా కొనసాగించాలో ఆయన చెబుతారు.

లెప్టో గురించి మన వరి రైతులకు ప్రత్యేకంగా చెప్పాలి. దీన్నే ఎలుక జ్వరం అంటారు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల నుంచి కుక్కకూ, మనిషికీ కూడా వస్తుంది. మడిలో, కాలవలో తిరిగే కుక్కకు ఈ టీకా తప్పనిసరి.

చిన్న జాతి అయితే ఏం తేడా?

చాలామంది "రెండు కిలోల పిల్లకు సగం సూది చాలదా?" అని అడుగుతారు. చాలదు. నులిపురుగుల మందు బరువును బట్టి ఇస్తాం, టీకా అలా కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థకు శత్రువును పరిచయం చేయడానికి ఒక మోతాదు కావాలి. పెద్ద కుక్కకైనా బుజ్జి కుక్కకైనా అది ఒకటే. సగం వేయిస్తే డబ్బూ పోయె, రక్షణా పోయె.

తేడా వేరేచోట ఉంది. ఒకేరోజు ఎక్కువ టీకాలు వేస్తే చిన్న కుక్కల్లో రియాక్షన్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. అందుకే మా డాక్టరు రేబీస్‌ను రెండు వారాలు ఎడంగా పెట్టారు. సూది వేయించాక అరగంట ఆస్పత్రి దగ్గరే ఉండండి. ఒకరోజు మగతగా పడుకోవడం, సూది చోట కాస్త వాపు మామూలే. మొహం వాచినా, వాంతులైనా, ఊపిరి ఆడకపోయినా, కూలబడిపోయినా వెంటనే వెనక్కి పరుగెత్తండి.

ఖాళీ కడుపుతో తీసుకెళ్లొద్దు. బుజ్జి పిల్లలు ఎక్కువసేపు తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి నీరసించిపోతాయి. జ్వరం, విరేచనాలు ఉన్నరోజు టీకా వేయించొద్దు. నులిపురుగుల మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల వరకు 15 రోజులకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి ఇవ్వాలి. వంటింటి కాటా మీద బరువు చూసి డాక్టరుకు చెప్పండి.

మందుసీసా, కార్డు

టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మందుల షాపులో కొని తీసుకెళ్తుంటే ఐస్ ప్యాక్ పెట్టించుకోండి, బండి డిక్కీలో ఎండకు పెట్టొద్దు. పొడి, ద్రవం కలిపిన వెంటనే వేసేయాలి. సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించమని అడగండి, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పిల్లను కొనేటప్పుడు కూడా అదే చూడండి. స్టిక్కరు లేకుండా పెన్నుతో టిక్కు మాత్రమే ఉన్న కార్డును నమ్మొద్దు.

"మనది ప్రకృతి వ్యవసాయం కదా, టీకాలెందుకు?"

ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. అదే రైతు తన ఆవులకు గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయిస్తాడు. కోళ్లకు కొక్కెర తెగులు చుక్కలు వేస్తాడు. విత్తనానికి బీజామృతం తెగులు వచ్చాక పట్టిస్తామా, నాటక ముందా? టీకా కూడా ముందు జాగ్రత్తే. జీవామృతం నేలకు, వేపకషాయం పైరుకు. పార్వోను, రేబీస్‌ను అవి ఆపవు.

ఇంకో సంగతి. పార్వో క్రిమి తేమగా, నీడగా ఉన్న మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. సిమెంటు గచ్చు మీదైతే బ్లీచింగ్‌తో కడగొచ్చు. మన సజీవమైన నేల మీద బ్లీచింగ్ పోయలేం, పోయకూడదు కూడా. చిట్టి తిరిగిన మట్టి అది. నేలను మార్చలేనప్పుడు పిల్లకే కవచం తొడగాలి. చివరి సూది పడి రెండు వారాలు గడిచేదాకా బంటిని వీధికుక్కలు తిరిగేచోట కింద దింపలేదు. ఊరు చూపించాలంటే చంకనెత్తుకుని తిప్పాం. బయట తిరిగిన చెప్పులు గుమ్మం అవతలే.

రేబీస్ అయితే కుక్కతో ఆగదు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. టీకా వేసిన ఇంటి కుక్క కరిచినా సరే, పుండును సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదేరోజు ఆస్పత్రికి వెళ్లండి. పసరు, కారం, సున్నం, ఏదీ పెట్టొద్దు. నాకు ఆకుల మీద ఎంత గౌరవం ఉందో మీకు తెలుసు. అయినా చెబుతున్నాను, ఇక్కడ ఆకు పనిచేయదు.

ఏటా జులై 6న జూనోసిస్ దినోత్సవానికి మన పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదేరోజు లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక బాలుడికి మొదటిసారి ఈ టీకా మొదలుపెట్టాడు. మీ కుక్కతో పాటు వీధిలో మీరు అన్నం పెట్టే కుక్కను కూడా తీసుకెళ్లండి.

బంటి ఇప్పుడు గట్టు మీద నాకంటే ముందు పరుగెడుతోంది. మీ ఇంట్లో పిల్ల ఉంటే ఈరోజే కార్డు తీసి చూడండి. 16 వారాలు నిండాక వేసిన సూది అందులో ఉందా? లేకపోతే రేపు పొద్దున పాలు పితకడం అయ్యాక మొదటి పని అదే పెట్టుకోండి.