మండీలో కుర్చీ ఎవరికి వేస్తారు?

బంగారుపాళ్యం

అమ్మడూ,

సోషియాలజీలో స్థాయి, పాత్ర, కట్టుబాటు అని నిర్వచనాలు బట్టీ పడుతున్నావనీ, పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ మాటలకు మనూళ్లో మనుషులున్నారు. వాళ్లను చూపిస్తా, మరిచిపోవు.

కాయ కోతల్లో వచ్చినప్పుడు మన మామిడి మండీలో ఒక పూట కూర్చో. తోతాపురి ట్రాక్టర్లతో ఇద్దరు రైతులు వస్తారు. ఒకాయనకు వ్యాపారి ‘రాన్నా, కూర్చో’ అని కుర్చీ లాగుతాడు, వెనకాలే టీ వస్తుంది. రెండో ఆయన ట్రాలీ పక్కన నిలబడే ఉంటాడు. ‘ఏమప్పా, కాయ ఇంకా పచ్చిగా ఉండాదే’ అని దూరం నుంచే అంటారు. ఇద్దరి పాత్రా రైతే. కుర్చీ దగ్గర స్థాయి తేలిపోతుంది. పెద్దాయనకు కుర్చీ వెయ్యాలని ఏ చట్టంలోనూ లేదు, వెయ్యకపోతే మాత్రం సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటుంది. కట్టుబాటు అంటే ఇదే. ఆయన ఎందుకు పెద్దాయన అయ్యాడని తవ్వుకుంటూ పో, భూమి, కులం, ఆఫీసుల్లో చెల్లే మాట ఒకదాన్నొకటి పట్టుకొని బయటికొస్తాయి. 1948లో మైసూరు దగ్గర రామపురలో మకాం పెట్టి ఊరిని చదివిన ఎం.ఎన్. శ్రీనివాస్ ‘ఆధిపత్య కులం’ అన్నది ఇలాంటి పట్టునే.

2025 మామిడి కాలం గుర్తుందా? గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరినాయి. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అని ప్రకటించినా, ఫ్యాక్టరీలు ఆ 8 ఇవ్వడం లేదని రైతులు మొత్తుకున్నారు. అప్పుడు కూడా అరుగు మీద కూర్చుని ‘వాడికి అమ్ముకునే తెలివి లేదు’ అన్నవాళ్లున్నారు. ఒక్కడి కాయ కుళ్లితే వాడి తెలివిని అనుకోవచ్చు. జిల్లా మొత్తం కాయ రోడ్డు మీద నిలబడితే తెలివి సంగతి పక్కన పెట్టి, అందరూ ఒకే రకం ఎందుకు నాటారు, కొనేవాళ్లు ఎంతమంది, పోయినేటి గుజ్జు ఎందుకు అమ్ముడుపోలేదు అని అడగాల. సొంత కష్టాన్నీ సమాజపు సమస్యనూ ఇలా విడదీసి చూడమని అమెరికావాడు సి. రైట్ మిల్స్ 1959లోనే రాసినాడు. నీ పాఠ్యపుస్తకంలో ఒక్క అధ్యాయమే చదువుతానంటే ఈ సంగతి ఉన్నదే చదువు.

ఇక సంస్కృతి. ఎండాకాలంలో మన పక్క భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడు ఇంత పొడుగున పడుకొని ఉంటాడు, వేషగాళ్లు ఆ బొమ్మ చుట్టూ గదలు పట్టుకొని పరిగెత్తుతుంటే ముసలామె నుంచి చంకలో బిడ్డ దాకా ఒకటే కేక. ఫ్రాన్సు దేశపు డర్క్‌హైమ్ 1912లో రాసింది ఈ ఊపు గురించే: గుంపు కూడినప్పుడు మనిషికి తనను మించిన బలమేదో పూనినట్టుంటుంది, దాన్నే దేవుడంటాడు.

ఇలాంటి ఉత్సవాన్ని పాఠాలు ‘ఐకమత్యం’ అని అక్కడితో చేతులు దులుపుకుంటాయి. నాకది చాలదు. ఉత్సవం ఏ వీధి దాకా పోయి వెనక్కి తిరుగుతుంది, చందా పట్టీలో ఎవరి పేరు ముందుంది, ఎవరు పందిట్లో కూర్చున్నారు, ఎవరు దూరంగా నిలబడినారు, ఇవన్నీ రాసుకో. ఈసారి వస్తే ముందు పలకలు కొట్టేవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడు. ధర్మకర్తల దగ్గరికి తర్వాత పోవచ్చు, వాళ్లు చెప్పేది ఎట్లాగూ కరపత్రంలో ఉంటుంది.

మీ పెద్దనాయన