క్రిస్మస్ బిస్కెట్లు – పొరుగువారి వంతు

(డిసెంబరు నెల గృహకూటములకు, స్త్రీల సమాజమునకు పాఠము)

పాఠ్యభాగము: నెహెమ్యా 8:1–12
కలిపి చదువవలసినవి: ఎస్తేరు 9:20–22, యిర్మీయా 7:16–19, 2 సమూయేలు 6:17–19, ద్వితీయోపదేశకాండము 24:14–15, లూకా 14:12–14
పాఠము ఉద్దేశము: పండుగ పిండివంటలు చేసేటప్పుడు, ఎవరి ఇంట ఏమీ సిద్ధముగా లేదో వారి వంతును ముందుగా తీసిపెట్టుట నేర్చుకొనుట.



డిసెంబరు రెండవ వారము వచ్చేసరికి మన ఇళ్లలో వెన్న, బెల్లము, ఏలకుల వాసన మొదలవుతుంది. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో మన తల్లులు గవ్వలు, కజ్జికాయలు, అరిసెలు, గులాబీ పువ్వులు చేసేవారు. సర్జాపుర వచ్చి స్థిరపడిన మన ఇళ్లలో వాటి పక్కన మరొకటి చేరింది. నక్షత్రము, గంట, చెట్టు ఆకారములో కోసి, ఓవెన్‌లో కాల్చి, పైన రంగు ఐసింగు పూసిన బిస్కెట్లు. పిల్లలు వీటిని కుకీలు అంటారు. పేరు ఏదైనా ఈ పని ఇంటిల్లిపాదిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెడుతుంది. ఇది సంతోషించవలసిన సంగతి. అయితే చేసిన బిస్కెట్ల డబ్బా చివరకు ఎవరి ఇంటికి వెళుతుంది? నేటి పాఠము ఈ ప్రశ్నను గురించియే.

1. దేవుడు తీపిని కాదనలేదు

ఏడవ నెల మొదటి దినమున యెరూషలేములో నీటి గుమ్మము ఎదుట ప్రజలందరు కూడుకొన్నారు. ఎజ్రా ఉదయము మొదలుకొని మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివాడు. లేవీయులు దాని అర్థము చెప్పారు. తమ జీవితము ఎంత తప్పిపోయిందో తెలిసి ప్రజలు ఏడ్చారు. అప్పుడు నాయకులు వారిని ఉపవాసముండమనలేదు. ఇళ్లకు వెళ్లి మంచి భోజనము తిని, తియ్యనిది త్రాగమన్నారు. ఆ మాటతోనే మరొక ఆజ్ఞ కూడ ఇచ్చారు. ఎవరికి ఏమీ సిద్ధము కాలేదో వారికి వంతులు పంపాలి. 12వ వచనములో ప్రజలు సరిగ్గా అలాగే చేశారని చదువుతాము. తినుట, త్రాగుట, వంతులు పంపుట, బహుగా సంతోషించుట అక్కడ ఒకే వరుసలో ఉన్నాయి. వారు అలా చేయుటకు కారణము కూడ అదే వచనములో ఉంది: తాము విన్న మాటలు వారికి అర్థమయ్యాయి. వాక్యము అర్థమైనదనుటకు వంతు పంపుట ఒక గురుతు అన్నమాట.

2. ఇచ్చిపుచ్చుకొనుట వేరు, వంతు పంపుట వేరు

ఎస్తేరు 9:22ను జాగ్రత్తగా చూడండి. పూరీము పండుగలో రెండు పనులు చేయాలని మొర్దెకై వ్రాశాడు. ఒకరికొకరు వంతులు పంపుకొనుట మొదటిది. దరిద్రులకు కానుకలు ఇచ్చుట రెండవది. మొదటిది చేస్తే రెండవది కూడ చేసినట్లే అని ఆయన అనుకోలేదు. విడివిడిగా వ్రాశాడు.

మనము సాధారణముగా చేసేది మొదటిదే. మూడవ అంతస్తునుండి పళ్లెము ఐదవ అంతస్తుకు వెళుతుంది. వారి పళ్లెము మన ఇంటికి వస్తుంది. ఆఫీసులో పైవారికి మంచి డబ్బా వెళుతుంది. ఇందులో తప్పేమీ లేదు, ఇది ప్రేమే. కాని లూకా 14లో యేసు ప్రభువు చెప్పినట్లు, తిరిగి పిలువగలవారినే పిలిచినప్పుడు లెక్క అక్కడికే సరిపోతుంది.

సర్జాపుర రోడ్డు వెంబడి మన అపార్ట్‌మెంట్ల గోడ దాటితే రేకుల షెడ్లు కనిపిస్తాయి. మనము ఉండే ఇళ్లు కట్టినవారు అక్కడే ఉన్నారు. కర్నూలు, అనంతపురము ప్రాంతాలనుండి వచ్చినవారు, రాయచూరు, యాదగిరి వైపునుండి వచ్చినవారు, ఒడిశా, బెంగాల్ నుండి వచ్చినవారు. గేటువద్ద రాత్రి కాపలా ఉండే మనిషికి డిసెంబరు 24 రాత్రి కూడ డ్యూటీయే. పేయింగ్ గెస్ట్ గదులలో ఉండి, సెలవు దొరకక ఊరికి వెళ్లలేని మన తెలుగు యువకులున్నారు. వీరి గదులలో ఓవెన్ లేదు, కొందరికి పొయ్యి కూడ లేదు. నెహెమ్యా చెప్పినవారు వీరే.

3. ఇంటిల్లిపాది కలిసి చేసినంత మాత్రాన చాలదు

యిర్మీయా 7వ అధ్యాయములో ఒక కుటుంబము కలిసి పిండివంటలు చేయుట చూస్తాము. పిల్లలు కట్టెలు తెస్తున్నారు, తండ్రులు నిప్పు రాజేస్తున్నారు, తల్లులు పిండి పిసుకుతున్నారు. ఎంత ఐకమత్యము! కాని ఆ పిండివంటలు ఆకాశరాణి కొరకు. పని అందముగా ఉన్నది, ఎవరికొరకు అన్నచోట చెడిపోయింది. మన బల్లమీద విగ్రహము లేదు. అయినా ఎవరి బిస్కెట్లు ఎక్కువ అందముగా ఉన్నాయి, ఎవరి ఫొటోను ఎక్కువమంది మెచ్చుకొన్నారు అనే పోటీ మన బల్ల దగ్గరకు కూడ రాగలదు.

మరొక మాట. జిడ్డు ట్రేలు, ఐసింగు గిన్నెలు ఎవరు కడుగుతున్నారు? ఇంటిపనికి వచ్చే సహోదరి క్రిస్మస్ వారములో రోజూ ఒక గంట ఎక్కువ ఉండవలసి వస్తే, ఆమె ఇంట పండుగ వంట ఎప్పుడు జరుగుతుంది? ఆమె కూడ విశ్వాసియే అయితే 24వ తేదీ సాయంత్రపు ఆరాధనకు ఎలా వెళుతుంది? కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. ఎక్కువ పనికి ఎక్కువ కూలి ఆ రోజే ఇయ్యాలి. అది జీతము, కానుక కాదు. బిస్కెట్ల ప్యాకెట్టు దానికి బదులు కాజాలదు.

4. వంతుకు గాలము కట్టవద్దు

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోనే దీనికి మంచి మాదిరి ఉన్నది. 1876–78 గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లౌగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని, కూలి కల్పించారు. బాప్తిస్మము కోరినవారు అనేకులు వచ్చారు. కాని కరువు సహాయము సాగినంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. తిండికొరకు ప్రభువునొద్దకు వచ్చారనే మాట రాకూడదని ఆయన ఉద్దేశము. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

దీనినుండి మనము నేర్చుకొనవలసినది ఏమి? పొరుగువారు అడిగితే మన నిరీక్షణను గూర్చి సంతోషముగా చెప్పుదము. కాని బిస్కెట్టును ఎరగా వాడకూడదు. పుచ్చుకొన్నవారు మందిరమునకు రాకపోయినా, వచ్చే ఏడు కూడ వారి వంతు వారికి వెళ్లవలసినదే. పొరుగువారిలో గ్రుడ్డు తిననివారు అనేకులు గనుక గ్రుడ్డు లేకుండా చేయుట మంచిది. వేసినట్లయితే ముందుగా చెప్పాలి.

5. చేసే విధానము

మైదా 250 గ్రాములు, వెన్న 150 గ్రాములు, పొడిచేసిన పంచదార 100 గ్రాములు, చిటికెడు ఉప్పు, కొద్దిగా ఏలకుల పొడి, రెండు చెంచాల పాలు. డిసెంబరులో బెంగళూరు చలికి వెన్న గట్టిగా ఉంటుంది గనుక ఒక గంట ముందు బయట పెట్టండి. వెన్న, పంచదార బాగా గిలకొట్టి మిగిలినవి కలపండి. పిండిని ఎక్కువగా పిసికితే బిస్కెట్టు గట్టిపడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పావు అంగుళము కంటె కొంచెము పలుచగా వత్తి, అచ్చుతో కోయండి. అచ్చు లేకపోతే చిన్న స్టీలు గ్లాసు అంచు చాలు. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 170 డిగ్రీల వద్ద 12 నుండి 15 నిమిషములు, అంచులు లేత బంగారు రంగు వచ్చేవరకు కాల్చండి. సుమారు 40 చిన్న బిస్కెట్లు వస్తాయి. పూర్తిగా చల్లారిన తరువాతనే ఐసింగు పూయాలి, లేకపోతే కరిగి జారిపోతుంది. 100 గ్రాముల ఐసింగు పంచదారలో నాలుగు చిన్న చెంచాల పాలు కలిపితే సరిపోతుంది. కొన్ని గంటలు ఆరనిచ్చి డబ్బాలో పెట్టి, రెండు మూడు రోజులలో పంచండి.

ఓవెన్ లేని ఇల్లు వెనుకబడినట్లు కాదు. పొయ్యి మీద గవ్వలు చేయవచ్చును. గోవా, మంగళూరు క్రైస్తవులు పండుగకు చేసే కల్‌కల్ కూడ మన గవ్వలవంటిదే. గవ్వల చెక్క లేకపోతే కొత్త దువ్వెన వెనుకభాగము మీద పిల్లలే వత్తగలరు.

పిండి కలపకముందు ఒక కాగితము తీసికొనండి. 40 బిస్కెట్లను ఎనిమిదేసి చొప్పున కడితే ఐదు ప్యాకెట్లు. మొదటి రెండు ప్యాకెట్లకు మననుండి ఏమీ ఎదురుచూడని ఇద్దరి పేర్లు వ్రాయండి. ఆ తరువాతనే స్నేహితులవి, ఇంటివారివి. దావీదు మందసమును తెచ్చిన దినమున స్త్రీపురుషులందరికి ఒకే కొలత పంచాడని 2 సమూయేలు 6:19లో ఉంది. గనుక విరిగినవి కాపలావానికి, చక్కనివి పైఅధికారికి అని వేరుచేయవద్దు. ప్యాకెట్టును పిల్లలచేత, పేరు పెట్టి పిలిచి, రెండు చేతులతో ఇప్పించండి. మిగిలినది పంచుట, ముందుగా తీసిపెట్టుట ఒకటి కాదని వారికి ఆ వయస్సులోనే తెలుస్తుంది.

చర్చకు ప్రశ్నలు

1. గత క్రిస్మస్‌కు మన ఇంటినుండి వెళ్లిన పళ్లెములలో తిరిగి ఇయ్యలేనివారికి వెళ్లినవి ఎన్ని?
2. మన ఇంటిపని సహోదరికి డిసెంబరు 24, 25 తేదీలలో సెలవు ఉన్నదా? ఎక్కువ పనికి కూలి ఇచ్చామా?
3. మన వీధిలో, మన గేటువద్ద ఉన్నవారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు?
4. వంతుతోపాటు కరపత్రము ఇయ్యవచ్చునా? ఎప్పుడు తగును, ఎప్పుడు తగదు?

ఈ వారము చేయవలసినది: ప్రతి కుటుంబము రెండు పేర్లు వ్రాసికొని, వచ్చే కూటమిలోగా వారిని పలుకరించి రావాలి. బిస్కెట్లు తరువాత.

ప్రార్థన: ప్రభువా, మా పొయ్యిని, మా పిండిని, మా చేతులను దీవించుము. మా పిల్లలు తీపితోపాటు పంచుటను కూడ నేర్చుకొనునట్లు చేయుము. మా పండుగ సంతోషము మా గోడలలోపలనే ఆగిపోకుండ, ఇంట ఏమీ సిద్ధముగా లేనివారి గుమ్మము వరకు మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.