వాడి ఆట ఆపకమ్మా

వాన గట్టిగా పట్టిందంటే చాలు, నాకు మా చెల్లెలి కొడుకు గుర్తొస్తాడమ్మా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు వాడికి అయిదేళ్లు. వాళ్లది కింది వాటా. కరెంటు లేక, మేడ మీద వాళ్లింట్లో నాలుగు రాత్రులు గడిపారు. పడవల్లో పాలపాకెట్లు, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపిన రోజులవి.

పడవెక్కించి మా ఇంటికి తెచ్చుకున్నాం. తిన్నాడు, టీవీ చూశాడు, పరవాలేదనుకున్నాం. మూడో రాత్రి పక్క తడిపాడు. మర్నాడూ అంతే. అమ్మ స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర ఏడుపే. "ఇంతవాడివయ్యావు, సిగ్గు లేదూ?" అని విసుక్కుంది చెల్లి. దాన్ని మాత్రం ఏమంటాం? పెళ్లిచీరలూ, కుట్టుమిషనూ బురదపాలై అది తిండి కూడా మానేసింది.

ఓ మధ్యాహ్నం పెరట్లో టబ్బు నిండా నీళ్లు పోసుకుని లక్కపిడతలు ముంచుతున్నాడు. "నీళ్లొచ్చేశాయ్, మేడెక్కండి!" అని ఒకటే కేకలు. తీయడం, మళ్లీ ముంచడం. "అపశకునం మాటలు, ఆపరా" అని చెల్లి చెయ్యెత్తింది. నేనే అడ్డం వెళ్లాను. పసివాళ్లకి భయం చెప్పుకోవడానికి మాటలు చాలవు తల్లీ, ఆటలోనే చెప్పుకుంటారు. పక్క తడపడం, కొంగు వదలకపోవడం మొండితనం కాదు, ఆ భయమే. అలాగని "ఏం చూశావో చెప్పు" అని గుచ్చిగుచ్చి అడగకూడదు.

పక్కన చతికిలబడి, "పడవ ఎటునుంచి వస్తుందిరా?" అన్నాను. కాసేపు ఆలోచించి సబ్బుపెట్టె తెచ్చాడు. పిడతల్ని ఒక్కొక్కటే ఎక్కించాడు. చిన్న గరిటెని మాత్రం రెండు చేతులతో పట్టుకుని, "తాతయ్య పడిపోతాడు, మెల్లగా" అన్నాడు. పడవెక్కేటప్పుడు మా చెల్లెలి మామగారి కాలు జారిందట. వీడు చూశాడని ఎవరికీ తెలీదు!

ఆ సాయంత్రమే తాతయ్యతో ఫోన్లో మాట్లాడించాం. వరద వీడియోలు వాడి కంటపడనివ్వలేదు. అన్నం, నిద్ర వేళకి జరిగేలా చూసి, బడి తెరవగానే పంపాం. పక్క తడిపితే దుప్పటి మార్చామంతే. చెల్లిని కూడా దగ్గర కూర్చోబెట్టి తినిపించాను. అమ్మ ముఖం చూసే కదా పిల్లలు ధైర్యం తెచ్చుకునేది!

చాలామంది పిల్లలు ఇలా మెల్లగా తేరుకుంటారు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే మాత్రం ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న వానకి వచ్చాడు. లోపలికి అడుగుపెడుతూనే, "ఆ సబ్బుపెట్టె ఉందా పెద్దమ్మా?" అన్నాడు.